రెండంగుళాలు తక్కువైన కుర్చీ

మేకులమ్మకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేది. కరెంటు బిల్లు మీదా, ఆసుపత్రి చీటీ మీదా తప్ప అదిప్పుడు ఎక్కడా బతికి లేదు. వీధి మొత్తానికీ ఆవిడ మేకులమ్మే. సందు మలుపు తిరగ్గానే ఆ ఇంటి పెరట్లోంచి కీచుమని ఒక శబ్దం వినిపిస్తుంది. తుప్పు పట్టిన మేకు, చెక్కని వదలనని మొరాయించి మొరాయించి, చివరికి వదిలేటప్పుడు చేసే శబ్దం. దాని వెనకే ఆవిడ తిట్టు. వీధికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఇంట్లో ఎవరో ఎవర్నో కొడుతున్నారనుకుంటారు. కొడుతున్న మాట నిజమే, దెబ్బలు తినేది మాత్రం చెక్క.

ప్యాలెట్‌ని చూడనివాళ్లు లేరు గానీ పట్టించుకున్నవాళ్లూ లేరు. గోదాముల్లో సరుకు కింద వేసే చెక్క చట్రం అది. పైనా కిందా పలకలు, మధ్యలో మూడు మందపాటి దిమ్మెలు. ఫోర్క్‌లిఫ్టు తన రెండు ఇనుప చేతులూ ఆ సందుల్లో దూర్చి సరుకుతో సహా ఎత్తుకుపోతుంది. లోకంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం తిరిగిన వస్తువేదంటే జనం ఓడ అంటారు, విమానం అంటారు. దీని పేరు ఒక్కరూ చెప్పరు. నాలుగు సముద్రాలు దాటొస్తుంది. దాని మీదెక్కి వచ్చిన మందులకీ, టీవీలకీ, గాజు గ్లాసులకీ అందరూ ఎదురెళ్లి దించుకుంటారు. ఇది మాత్రం గోదాము వెనక గోడకి జారగిలబడి వానలో నానుతుంది. ఊళ్లు పట్టుకు తిరిగిన మనుషుల గతీ చివరికి ఇంచుమించు ఇంతేననుకోండి, ఆ గొడవ ఇప్పుడెందుకు.

మేకులమ్మ అలాంటి గోదాములోనే ఇరవై రెండేళ్లు పనిచేసింది. లోపలికి ఎన్ని ప్యాలెట్లు వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి అని లెక్క రాయడం ఆవిడ ఉద్యోగం. ఆ పని చేసే మిషను ఒకటి, అరచేతిలో పట్టేంతది, వచ్చింది. ఆవిడ ఇంటికొచ్చింది. వెళ్లేరోజున మేనేజరు మర్యాదకి "మీకేం కావాలో చెప్పండమ్మా" అంటే, వెనక గోడ దగ్గర పడున్న విరిగిన ప్యాలెట్లు కావాలంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడే తోపుడు బండి తీసుకుని వెళ్లింది.

అప్పటికి ఆవిడకి సుత్తి పట్టుకోవడం తప్ప వడ్రంగం ఏమీ రాదు. మొదట చేసిన పీట మూడు కాళ్ల మీదే నిలబడేది, నాలుగో కాలు మర్యాద కోసం ఉండేది. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకుంది. తొమ్మిదేళ్లు గడిచేసరికి వీధిలో ఆవిడ చేతి వస్తువు లేని ఇల్లు లేకుండా పోయింది. చెప్పుల అరలు, పూలకుండీల పెట్టెలు, పుస్తకాల బీరువాలు, ఎదురింటి కుక్కకి వరండాతో సహా ఒక ఇల్లు.

ఇంత చేసినా ఆవిడ వినే మాట ఒక్కటే. "ఊరికే వచ్చిన చెక్కే కదా!"

ఈ మాటంటే ఆవిడకి ఒళ్లు మండుతుంది. ఒక ప్యాలెట్‌లో డెబ్భై ఎనిమిది మేకులుంటాయి. మామూలు మేకులు కావు, మెలి తిరిగినవి, రావు. లాగితే తల ఊడి చేతికొస్తుంది, ఒళ్లు చెక్కలోనే ఉండిపోతుంది. పాత స్పీకరు లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి, ప్రతి పలక మీదా ఆ చివర్నించి ఈ చివరికి నడిపించి, అది ఎక్కడ తల వాలుస్తుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. ఒక్క మేకు కంటపడకుండా మిగిలితే చాలు, చిత్రిక పట్టేటప్పుడు బ్లేడు గాటు పడి కూర్చుంటుంది. ఒకప్పుడు కొన్ని చోట్ల జనం ఇల్లు మారేటప్పుడు పాత ఇంటికి నిప్పుపెట్టి, బూడిదలోంచి మేకులు ఏరుకునేవాళ్లని చరిత్ర పుస్తకాల్లో రాశారు. అంత విలువ ఉండేది మేకుకి. ఆ ఇళ్లకి నిప్పుపెట్టింది విలువ కోసం కాదనీ, పీకలేక విసుగెత్తి అయ్యుంటుందనీ మేకులమ్మ అభిప్రాయం.

ఆవిడ భర్త టైలరు. ముందు వరండాలో కుట్టుమిషను, మెడలో టేపు. వెనక పెరట్లో ఆవిడ, ముందు వరండాలో ఆయన, మధ్య ఇంట్లో మూడు గదులు. పైన ఒక గది ఉంది. అందులో ఆవిడ అక్క ఉంటుంది. వాళ్లిద్దరి జీవితాలకీ పైఅంతస్తు నుంచి మార్కులు వేస్తూ ఉంటుంది. లెక్కల టీచరుగా రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. నిటారైన మనిషి, ఆరడుగులకి కాస్త తక్కువ. చెల్లెలు ఆవిడ భుజం దగ్గరికి కూడా రాదు.

ఆ అక్క బాత్రూములో కాలు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి కొత్త తుంటి పెట్టారు. అక్కడి నుంచీ మొదలైంది అసలు సంగతి.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒకతి ఉంది. ఫిజియో అంటారు. సన్నగా, గాలి కొడితే ఎగిరిపోయేటట్టుంటుంది గానీ మాట మాత్రం రాయి. ఆ అమ్మాయి చెప్పిందేమంటే, ఆరు వారాల పాటు పేషెంటు మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. పల్లపు కుర్చీలో కూర్చుంటే కొత్త కీలు జారుతుంది. ఇంట్లో మంచం, బాత్రూము, కుర్చీ, మూడూ తగిన ఎత్తులో ఉన్నాయని తను వచ్చి చూసి సంతకం పెడితేనే ఇంటికి పంపుతారు. లేకపోతే ఆరు వారాలు, ముసలివాళ్లని ఉంచి చూసుకునే హోముకి. అక్కడ ఒక మంచం ఖాళీగా ఉంది, రాసేస్తుంది.

హోము అన్న మాట వినగానే అక్క మొహం గోడకి తిప్పుకుంది. ఆవిడతో పాటు పనిచేసిన సైన్సు టీచరు ఆరు వారాలని అక్కడికి వెళ్లి పద్నాలుగు నెలలైంది. ఇంకా అక్కడే ఉంది. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా "మీరెవరు?" అని అడుగుతుంది.

మంచం కింద దిమ్మెలు వేసి పైకి లేపారు. బాత్రూములో ఎత్తు సీటు బిగించారు. కుర్చీ ఒక్కటే మిగిలింది. ఎత్తు కుర్చీలు అద్దెకిచ్చే కొట్టులో ఉన్న రెండూ బయటికెళ్లాయట. బజార్లో దొరికేవన్నీ ఈ కాలపు సోఫాలు. వాటిలో కూర్చుంటే ఆరోగ్యంగా ఉన్నవాడికే లేవడానికి ఒక సాయం కావాలి.

"నేను చేస్తాలే," అంది మేకులమ్మ, వార్డులో అక్క మంచం పక్కన నిలబడి.

"దేంతో?"

"దేంతో ఏంటి, నా చెక్కతోనే."

"లారీల్లో దొర్లి వచ్చిన చెక్క మీద కూర్చోవాలా నేను? దాని మీద ఏమేం మోశారో ఎవడికి తెలుసు!"

"నీకంటే బరువైనవే మోశారు, భయపడకు."

పక్క మంచం పేషెంటు కిసుక్కున నవ్వింది. అక్క నవ్వలేదు. ఆ పూట నుంచీ అక్కాచెల్లెళ్లకి మాటల్లేవు. అలా మాటలు మానేయడం వాళ్లకి చిన్నప్పట్నుంచీ ఉన్నదే, ఏడాదికి నాలుగైదు సార్లు జరుగుతుంది. కానీ కుర్చీకి కొలత కావాలి. మోకాలి మడత కింద నుంచి నేల దాకా ఎంత ఉందో చూసి, దానికి రెండంగుళాలు కలిపితే కూర్చునే ఎత్తు వస్తుందని ఫిజియో చెప్పింది. మాట్లాడని మనిషి మోకాలు ఎలా కొలుస్తుంది? అందుకని టైలరుని పంపింది.

ఆయన టేపు గురించి ఇక్కడ చెప్పాలి. ఎప్పుడో పెళ్లైన కొత్తలో దాని కొస మీద ఇస్త్రీపెట్టె పడి కాలిపోయింది. ఆయన ఆ కాలిన ముక్క కత్తిరించి పారేశాడు. అప్పట్నుంచీ ఆ టేపు రెండంగుళాల దగ్గర మొదలవుతుంది. కొత్తది కొనమంటే కొనడు, కొత్త టేపులు సాగుతాయంటాడు. రాజులు తమ పాదం పొడుగే దేశానికంతటికీ కొలతని శాసించిన రోజులున్నాయంటారు. ఆయనా ఆ రకమే, రాజ్యం ఒక వరండా అయింది గానీ. బట్టలు కుట్టేటప్పుడు ఆయన మనసులోనే రెండు తీసేసుకుంటాడు. పెళ్లాం కోసం కిటికీయో తలుపో కొలిచేటప్పుడు మాత్రం టేపు మీద ఉన్నది ఉన్నట్టు కేకేస్తాడు, తీసివేత ఆవిడ వంతు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఈ పద్ధతి ఒక్కసారి తప్పలేదు. దాని గురించి వాళ్లిద్దరూ ఒక్కసారి మాట్లాడుకోనూ లేదు.

ఆసుపత్రి నుంచి ఆయన తెచ్చిన చీటీ మీద పద్దెనిమిది అని ఉంది. ఆవిడ రెండు తీసేసింది. పదహారు. ఫిజియో చెప్పిన రెండు కలిపింది. మళ్లీ పద్దెనిమిది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని పనిలోకి దిగింది.

కుర్చీకి మామూలు ప్యాలెట్ చెక్క పనికిరాదు. అది మెత్తన, గోరు గుచ్చితే దిగుతుంది. ఏదో పెద్ద మిషను మోసుకొచ్చిన ప్యాలెట్ ఒకటి ఆవిడ దగ్గర రెండేళ్లుగా ఉంది. దాని దిమ్మెలు మూడూ గట్టి చెక్క, నల్లటివి, అయిదేసి అడుగుల పొడుగు, నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. ఏ చెట్టుదో, ఏ దేశానిదో తెలీదు. రంపం పెడితే మిరియాల వాసన వచ్చేది. తగిన పని దొరికే దాకా వాడనని గోనెపట్టా కప్పి దాచింది. ఇప్పుడు పట్టా తీసింది. ఒక దిమ్మెలోంచి ముందు కాళ్లు రెండూ, మిగతా రెంటిలోంచి వెనక కాళ్లు. ఆ రెంటిలో మిగిలిన రెండేసి అడుగుల ముక్కలు కుర్చీ చేతులయ్యాయి. ఒక్క మేకు కొట్టలేదు. చిల్లులు వేసి, చెక్క చీలలు దిగేసి, బంక పెట్టి బిగించింది. చేతుల్ని మూడు రకాల గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ, అరచెయ్యి పెడితే జారిపోయేటట్టు చేసింది. లేచేటప్పుడు అక్క బరువంతా మోసేది ఆ చేతులే కదా.

గురువారం పదకొండింటికి ఫిజియో వచ్చింది. మంచం చూసింది, సరే అంది. బాత్రూము చూసింది, సరే అంది. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, "చాలా బాగుందండీ, ఎక్కడ కొన్నారు?" అంది.

మేకులమ్మ జీవితంలో అంత మంచి మాట వినలేదు. నోరు తెరిచి జవాబు చెప్పేలోపే ఆ అమ్మాయి సంచిలోంచి ఇనుప టేపు తీసి నేలకి ఆనించింది.

"పద్దెనిమిది. ఇరవై ఉండాలి కదండీ?"

"ఇరవై ఎందుకుంటుంది? మా అక్కకి మోకాలి దాకా పదహారు..."

"పద్దెనిమిదండీ. నేనే కొలిచాను, కేసు షీట్లో ఉంది. ఆవిడ పొడుగు మనిషి."

మేకులమ్మ వంటింట్లోకి వెళ్లి, డబ్బా కింద పెట్టిన చీటీ తెచ్చి, వరండాలోకి నడిచింది. టైలరు ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్నాడు.

"ఏమండీ, ఆ రోజు టేపు మీద ఎంతొచ్చింది?"

"ఏ టేపు?"

"మీ మెళ్లో వేలాడుతున్న ఆ దిక్కుమాలిన టేపు! మా అక్క మోకాలికి!"

"ఇరవై. రెండు తీసేసి పద్దెనిమిదని రాశాను." ఆయన మిషను ఆపలేదు.

"తీసేశారా?"

"తీసెయ్యద్దూ మరి? ఆసుపత్రి సంగతాయె. ఆ పిల్ల పక్కనే నిలబడి చూస్తోంది. తప్పు రాస్తే బాగుంటుందా అని..."

"ముప్ఫయ్యేళ్లలో ఎప్పుడైనా తీశారా మీరు? చెప్పండి! ఒక్కరోజైనా?"

మిషను ఆగింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని ఆవిడ మొహంలోకి చూశాడు. మెల్లగా ఆయనకీ అర్థమైంది.

"నువ్వూ తీశావా?"

"తీశాను! ఎప్పుడూ తీసేదాన్ని నేనే కదా! మీకు బుద్ధి రావడానికి ఈ రోజే దొరికిందా?"

ఒకరి లోపం ఒకరు ఎరిగి, చడీచప్పుడు లేకుండా సర్దుకుపోవడమే సంసారమని పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి సర్దుకుంటే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ ఉన్నట్టు లేదు.

ఫిజియో గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. పాపం ఆ పిల్లకి నవ్వొస్తోంది గానీ ఆపుకుంది. కింద ఇటుకలు పెట్టచ్చా అని టైలరు అడిగాడు. జారతాయి, కుదరదంది. మీద దిండు వేస్తే? మెత్తగా దిగిపోతుంది, కుదరదంది.

"ఒక పని చేస్తానండీ. రేపు తొమ్మిదింటికి ఇటు మీదుగానే డ్యూటీకి వెళ్తాను. అప్పటికి ఇరవై ఉంటే సంతకం పెడతాను. లేకపోతే మధ్యాహ్నం ఆవిణ్ణి హోముకి పంపేస్తారు. నా చేతిలో లేదు."

ఆ అమ్మాయి వెళ్లిపోయింది. అప్పుడు పన్నెండు కావస్తోంది.

మేకులమ్మ తోపుడు బండి తీసింది. కాళ్ల కింద రెండంగుళాల ముక్కలు నిలువుగా అతికిస్తే? నిలువు కోత మీద బంక పట్టదు, మొదటిరోజే ఊడుతుంది. కొత్త కాళ్లే చెయ్యాలి. దానికి గట్టి దిమ్మెలు కావాలి. ఎండలో బండి తోసుకుంటూ గోదాము వెనక్కి వెళ్లింది. గోడ దగ్గర పడున్నవన్నీ తెల్ల చెక్కవే, మెత్తటివి. రెండో వైపు మాత్రం తలెత్తి చూడాల్సినంత ఎత్తున ఆకుపచ్చ రంగు ప్యాలెట్లు పేర్చి ఉన్నాయి. వాటి దిమ్మెలు గట్టివని ఆవిడకి తెలుసు. గోడ దగ్గరే ఫోర్క్‌లిఫ్టు దిగి టీ తాగుతున్న డ్రైవరుకి ఆవిడ చూపు ఎటుందో కనబడింది. ఆవిడ ఉద్యోగంలో ఉన్నప్పట్నుంచీ ఉన్న మనిషి.

"అక్కయ్యా, వద్దు. ఆ పచ్చవాటి జోలికెళ్లకు."

"ఒక్కటి. విరిగిందే ఇవ్వు."

"విరిగినా అద్దె కంపెనీ వాళ్లదే. అవి అద్దెకు తిరిగే సరుకు, ఎవడూ కొనడు, ఎవడికీ సొంతం కాదు. ఇరవయ్యేళ్లు నువ్వే కదా రోజూ లెక్కబెట్టి అప్పజెప్పిందానివి. ఒక్కటి తగ్గితే ఎంత రాద్ధాంతం చేసేదానివో మర్చిపోయావా? నన్ను ఒకసారి మూడు రోజులు వెతికించావు."

"దొరికిందిగా."

"నీ బల్ల కిందే దొరికింది."

ఇంకో రోజైతే ఆవిడా నవ్వేది. ఖాళీ బండి గడగడలాడించుకుంటూ వెనక్కి తిరిగింది. రెండు వీధులు తిరిగి పాతసామాన్ల కొట్టు చూసింది. అక్కడ తలుపులున్నాయి, లోపల అట్టముక్కలు కుక్కిన తలుపులు. ఒక పాత మంచం కోడు దొరికింది. దాన్ని చెదలు ఆవిడ కంటే ముందే చూసుకుంది.

ఇంటికొచ్చేసరికి రెండున్నర దాటింది. వరండాలో టైలరు లేచి నిలబడ్డాడు. ఏమన్నా అంటే ఏమవుతుందో తెలిసి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం చూసి ఆవిడకి ఇంకా ఒళ్లు మండింది. ముందు గదిలోకి వెళ్లి కుర్చీలో కూలబడి, రెండు అరచేతులతో దాని చేతుల్ని ఫట్ ఫట్‌మని బాదింది. అరచేతులు చురుక్కుమన్నాయి. ఇంకోసారి బాదింది. ఇంత గట్టి చెక్క! ఇంత గట్టి చెక్క తెచ్చి అరచేతుల కింద పెట్టాను, కాళ్ల కింద ఉండాల్సింది... 

అనుకుని, అక్కడ ఆగింది.

చేతులు రెండడుగుల పొడుగు. రెండంగుళాల మందం. కచ్చితంగా రెండు.

లేచి, కుర్చీని పడగొట్టి చూసింది. ముందు కాలికీ వెనక కాలికీ కలిపి అడుగున ఒక్కో వైపు ఒక్కో దిమ్మె. బల్లపరుపుగా. జారదు, ఊగదు, వెనక్కి పడదు. ప్యాలెట్ నిలబడేదే అలాగ. తొమ్మిదేళ్లు వాటిని విప్పదీస్తూ వచ్చిన మనిషికి ఈ ముక్క తట్టడానికి మూడు గంటలు పట్టిందని ఆవిడకి తన మీద తనకే చిర్రెత్తింది.

"ఏమండీ! అలా బొమ్మలా నిలబడకపోతే వచ్చి పట్టుకోండి!"

పెట్టేటప్పుడు ఊడకూడదని పెట్టిన చేతులవి. ఇప్పుడు ఊడమంటే ఎలా ఊడతాయి? పల్చటి రంపం సందులో దూర్చి చీలలు ఒక్కోటే కోయాల్సొచ్చింది. చీల కోస్తుంటే బంక కరిగి రంపానికి అంటుకునేది. రంపం తుడవడం, కొయ్యడం, తిట్టడం. తిట్లు సగం చీలకి, సగం దాన్ని అంత గట్టిగా దిగేసిన మనిషికి, అంటే తనకే. కుడి చెయ్యి గంటకి ఊడింది. ఎడమది సగం వచ్చి, టక్‌మని ఒక మూల చీలింది.

"నెమ్మదిగా," అన్నాడు టైలరు.

"మాట్లాడకండి."

"బంక పెట్టి తాడు చుడితే..."

"తెలుసు! మీరు మాట్లాడకండి. ఇంకో ఆర్నెల్లు మాట్లాడకండి."

ఆయన వెళ్లి, పాత పైజామా నాడాలు నాలుగు పేని, చీలిన మూలకి బంక పూసిన చోట చుట్టి, మధ్యలో పుల్ల దోపి మెలితిప్పాడు. టైలరు ముడి, చచ్చినా జారదు. ఆవిడ చూసింది గానీ మెచ్చుకోలేదు.

దిమ్మెల్ని కాళ్ల కింద బిగించడానికి అడుగునుంచి పొడుగాటి మరమేకులు వేసింది. అవి చాలవని లోపలివైపు ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు కొట్టింది. ఆ నల్ల చెక్కకి చిల్లు వేస్తుంటే బరమా మొనలు రెండు విరిగాయి. మేకు లేని కుర్చీ చెయ్యాలనుకున్న ముచ్చట అక్కడితో సరి. పోయిన చేతుల స్థానంలో తెల్ల చెక్కే గతి. రెండేసి పలకలు ఒకదాని మీద ఒకటి బంక పెట్టి అతికించి, ఆరడానికి టైము లేదని అడుగున మరలు కూడా బిగించింది. ఎంత రుద్దినా పాత మేకుల మచ్చలు పోలేదు. ఒక చిల్లు సరిగ్గా బొటనవేలు వచ్చే చోటే ఉంది. చెక్కపొట్టులో బంక కలిపి పూడ్చింది. వీధి దీపాలు వెలిగేసరికి కుర్చీ లేచి నిలబడింది. కింద నలుపు, పైన తెలుపు, ఇద్దరు మనుషుల్ని కోసి అతికించినట్టుంది. ఆవిడ తన ఇనుప టేపుతో నాలుగు మూలలా కొలిచింది. తర్వాత టైలరుని పిలిచి, ఆయనతో కొలిపించింది, ఆయన టేపుతోనే.

"ఎంత?"

"ఇరవై రెండు." ఆయన ఆగి, భయం భయంగా, "తియ్యనా, నువ్వు తీస్తావా?" అన్నాడు.

శుక్రవారం తొమ్మిదింటికి ఫిజియో వచ్చి కొలిచింది. కుర్చీని నాలుగువైపులా ఊపింది. తనే కూర్చుని, చేతుల మీద బరువు వేసి, లేచి, మళ్లీ కూర్చుంది. "నిన్న చేతులు నల్లగా ఉన్నాయి కదండీ?" అంది. "కిందికి దిగాయి," అంది మేకులమ్మ. ఆ అమ్మాయి వంగి చూసి, కాగితం మీద సంతకం పెట్టింది.

మధ్యాహ్నం అక్క వచ్చింది. వాకరు పట్టుకుని గుమ్మం నుంచి కుర్చీ దాకా పది అడుగులు వెయ్యడానికి అయిదు నిమిషాలు పట్టింది. వెనక్కి జరిగి, కాళ్ల వెనక కుర్చీ అంచు తగిలాక, ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి ఆనించి, మెల్లగా దిగింది. తెల్ల చెక్క కిర్రుమంది. కిర్రుమనడం ఆగింది. అక్క పాదాలు రెండూ నేల మీద నిండుగా ఆనాయి. మోకాళ్లు తుంటి కంటే కిందే ఉన్నాయి.

ఆవిడ గది చుట్టూ చూసింది. కుర్చీ కిందికి చూసింది. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"మరిదిగారు చెప్పారులే. ఇద్దరూ చెరో రెండు తీశారట. నీకు తీసివేతలు నేర్పింది నేనని ఎక్కడా చెప్పకు, పరువు పోతుంది."

"చెప్పను. నేర్చుకోలేదనే చెప్తాను."

అక్క బొటనవేలు చేతి మీద అటూ ఇటూ రాసింది. గోరు గుచ్చి చూసింది. "ఇదేంటే, ఇంత మెత్తగా ఉంది? గోరు దిగుతోంది."

"అయితే గోళ్లు కత్తిరించుకో."

"చేతివి నేను కత్తిరించుకుంటాలే. కాలివో?" అక్క గొంతు కొంచెం తగ్గింది. "వంగకూడదన్నారు. మూడు వారాలైంది. అక్కడ ఎవర్ని అడగను?"

మేకులమ్మ ఆవిడ పాదాల కేసి చూసింది. తర్వాత గోళ్లు తీసేది తెచ్చి, అరిగిపోయిన తన మోకాళ్ల మీద అబ్బా అనుకుంటూ కూలబడి, అక్క కుడి పాదం ఒళ్లోకి తీసుకుంది.

"ఇవి గోళ్లా, ప్యాలెట్ మేకులా?" అని విసుక్కుంటూ బొటనవేలితో మొదలుపెట్టింది.

"నెమ్మదే, చర్మం కూడా తీసేస్తావు," అంది అక్క, కాలు వెనక్కి తీసుకోకుండా.